మా తాతగారి లక్క దండె

మా వంశంలో నాకు తెలిసినంతలో మొదటివారు బందరులో కుంఫిణీవారి దగ్గర దుబాసీ. దొరల మాట జనానికీ, జనం మాట దొరలకూ ఆయన నోటి మీదుగానే చేరేది. ఆయన కొడుక్కి దివిసీమలో ఇనాం భూములు దక్కాయి, వాటితో పాటు పల్లకీ మర్యాద కూడా దక్కింది. అంటే బందరు వీధుల్లో పల్లకీ ఎక్కి తిరగవచ్చు, కచేరీ గుమ్మం దాకా దిగనక్కర్లేదు. అడిగితే ఇచ్చే మర్యాద కాదది. ఆయన కొడుకు మా ముత్తాతగారు, ముత్తాతగారి కొడుకు మా తాతగారు. నాన్నగారి కాలానికి భూములు చాలావరకు కోర్టుల పాలయ్యాయి. ఆ ఇంటికి ఆఖరి పెద్దను నేను. మా లోగిలిని ఊళ్లో ఇప్పటికీ పల్లకీ లోగిలి అనే అంటారు. అందులో ఇప్పుడు వేరేవాళ్లు కాపురం ఉంటున్నారు. వాళ్లనూ పల్లకీ లోగిలివారనే పిలుస్తున్నారని విన్నాను. అది నాకు నచ్చలేదు.

పల్లకీ అనగానే అందరికీ గుర్తొచ్చేది పెట్టె. చిత్రపు చెక్కడం, పట్టు తెరలు, కుచ్చులు. కానీ పెట్టెను మోసేది దండె. బోయీల భుజాల మీద ఆనే ఆ పొడుగాటి వంపు కర్ర బాగుంటేనే మనిషి పైన ఉంటాడు. ఈ సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసినవారు మా ముత్తాతగారు. ఆయనకు అది బందరు వలందపాలెం మలుపులో తెలిసింది.

అప్పటి దండె ఒట్టి వెదురు. పచ్చగా ఉన్నప్పుడే మంట మీద కాచి వంచిన మేలురకం బొంగు. పైకి ఒక్క బీట కూడా లేదట. ఆ రోజు కచేరీకి వెళ్తుంటే మలుపులో ఫట్‌మని ఒక్కటే చప్పుడు. ముందు ఒక కిర్రు లేదు, వెనక ఒక మూలుగు లేదు. ముత్తాతగారు జరీ తలపాగాతో సహా కాలవ గట్టు మీదికి దొర్లారు. విరిగిన పక్కటెముకలు మూడు నెలలకు అతుక్కున్నాయి గానీ, అంగళ్లలో కూర్చున్నవాళ్లు నవ్విన నవ్వు మాత్రం ఆయన్ను చచ్చేదాకా వదల్లేదు. ఆయన మళ్లీ బందరు మొహం చూడలేదు. పల్లకీ వెనక నడుస్తున్న మా తాతగారు అప్పటికి మీసాలు వస్తున్న కుర్రాడు. ఆ నవ్వు ఆయన కూడా విన్నారు.

తాతగారిని నేను చూడలేదు. ఆయన గురించి నాకు తెలిసిందంతా మా నాయనమ్మ చెప్పింది. తన చెంబు తాను ఎత్తుకోని మనిషి, పెళ్లయిన కొత్తలో పనివాళ్లతో సమంగా చొక్కా విప్పి వడ్లకొట్టులో కూర్చున్నారట. బందరులో గాజులు చేసేవాళ్ల దగ్గర్నుంచి లక్క తెప్పించారు. మా చేలో జనుము కోయించి, నీళ్లలో నానబెట్టించి, చితక్కొట్టించి, నార తీయించి, ఆడవాళ్ల జడలా దువ్వించారు. ఆ రెండూ కలిపి వెదురు మీద పొరలు పొరలుగా వేస్తే విరగని దండె వస్తుందని ఆయన పట్టుదల.

మొదట ఒట్టి లక్కను కడ్డీలా పోసి చూశారు. గాజు ముక్కలా పుటుక్కుమంది. ఒట్టి నారను పేని చూశారు. లాగుడుకు ఎంతకీ తెగదు గానీ వంపు నిలవదు, తాడు తాడే. రెండూ కలిపాక అసలు కథ మొదలైంది. లక్క ఎక్కువైతే కడ్డీ నిగనిగలాడుతూ బలంగా కనిపించేది, బరువు మితిమీరగానే చెప్పకుండా విరిగేది. నార ఎక్కువై లక్క చాలకపోతే పోగులు ఒకదాని మీద ఒకటి జారిపోయేవి. లక్క పెళుసుతనం తగ్గడానికి కాచేటప్పుడు కాస్త ఆముదం కలిపారు. ఆముదం ఎక్కువైతే ఎండకు కడ్డీ వాలిపోయేది. నార అంతా నిలువుగా వేస్తే లాగుడుకు ఆగేది, మెలిపెడితే చీలేది. అందుకని ఒక పొర నిలువుగా, ఒక పొర ఏటవాలుగా చుట్టించారు.

పరీక్ష కూడా ఆయన పెట్టుకున్నదే. వడ్లకొట్టు దూలానికి కడ్డీని వేలాడదీసి, కింద గోనెసంచి కట్టి, పాలికాపు చేత తట్టతో తడి ఇసుక పోయించేవారు. తను మాత్రం దూరంగా పీట మీద కళ్లు మూసుకుని కూర్చునేవారట.

"నేను సంగీతం వింటున్నారేమో అనుకునేదాన్నిరా," అనేది నాయనమ్మ. "అన్నానికి లేవండీ అంటే, 'ఉండవే, అది ఇంకా చెబుతోంది' అనేవారు. కొత్త కోడల్ని నేను. నా మాట అంతసేపు ఎప్పుడు విన్నారని!"

అది ఏం చెబుతుందని అడిగితే నాయనమ్మ తాతగారి మాట యథాతథంగా చెప్పేది. కడ్డీ ఎంత బరువు మోస్తుందన్నది సగం సంగతి. పోయేటప్పుడు ముందుగా చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా అన్నది మిగతా సగం. అందుకే ఆయన అన్నిటికంటే ఎక్కువ బరువు మోసిన కడ్డీని ఎంచుకోలేదు. విరగడానికి చాలా ముందే చిటపటమని మొదలుపెట్టి, ఒక్కో పోగూ తెగుతూ, సగం తెగాక కూడా సంచిని నేలకు వదలని పాళ్లను ఎంచుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వయసులో ఆ ఎంపిక ఎంత పెద్దదో నాకు అర్థమవుతుంది. మగవాళ్లు, అందులోనూ మా ఇంటి మగవాళ్లు, సాధారణంగా ఎక్కువ బలం ఉన్నదాన్నే కోరుకుంటారు.

అలా తయారైన దండె నల్లగా, మసి కలిపిన లక్కతో, మొగలి ఆకు పెట్టి రుద్దిన మెరుపుతో, లోపల సన్నటి వెదురుతో ఉండేది. నా చిన్నతనంలో దాని మీద చెయ్యి వేస్తే ఏదో ప్రాణమున్న జంతువు వీపు నిమిరినట్టుండేది. ఈమధ్య గిలకలదిండి రేవులో తెల్లటి పడవ ఒకటి చూశాను. చెక్క కాదు. ఏమిటయ్యా ఇది అంటే, "గాజు నారండి, ప్లాస్టిక్కు పోసి గట్టిపరుస్తారండి, ఫైబరు పడవంటారు," అన్నాడు దాని మీదున్న పల్లెకారు. వేలితో తట్టి చూశాను. మా తాతగారు బతికుంటే ఆ పడవ పక్కన పీట వేసుకుని కూర్చునేవారు.

దండె మీద వెండి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

నాన్నగారి పెళ్లి గుడివాడలో జరిగింది. తాతగారు అంతకు ముందు ఏడాదే పోయారు. పెళ్లికొడుకు పల్లకీ దిగగానే మా అమ్మమ్మగారి తరఫు ఆడవాళ్లు వేళాకోళానికి దిగారు. వియ్యాలవారి ఎత్తిపొడుపులు మామూలే. అందులో ఒకావిడ దండెను చూపించి,

"వదినగారూ, మీ దండె చూసి మా పిల్లలు తాచుపామనుకుని జడుసుకున్నారండీ. దివిసీమలో వెండి దొరకదా ఏంటి?" అంది.

నాయనమ్మ తగ్గే మనిషి కాదు. "దొరక్కేమమ్మా! మా పాముకి కోరలు రేపు పెట్టిస్తాం, చూద్దురుగాని," అంది.

అన్నంత పనీ చేసింది. గుడివాడ కంసాలిని విడిదికి పిలిపించి, తన వెండి కంచం కరిగించి, మర్నాటి సాయంత్రానికల్లా కోరలున్న సింహం మొహం ఒకటి చేయించింది. దాన్ని దండెకు, పెట్టె ముందు భాగం వేలాడే చోటికి సరిగ్గా ఎగువన బిగించమంది. సీలలు లక్కలో దిగలేదు. కంసాలి బరమా తెచ్చి బెజ్జాలు తొలిచి, దారి చేసి మరీ సీలలు కొట్టాడు. ఊరేగింపులో దివిటీల వెలుగుకు సింహం మొహం ధగధగలాడింది. గుడివాడ ఆడవాళ్లు మరి మాట్లాడలేదు. ఆ ఒక్క సాయంత్రం కోసం ఎన్ని పోగులు తెగాయో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించవలసిన ఒక్క మనిషీ అప్పటికి లేరు.

ఆ తర్వాత పాతికేళ్లకు నాయనమ్మ కంటి సంగతి వచ్చింది.

ఆమెకు కుడికన్ను అప్పటికే లేదు. శుక్లం వచ్చిందని, ఊళ్లు తిరుగుతూ సూదితో పొర తోసే మనిషి ఒకడు ఆ కంటిని పాడుచేశాడు. ఎడమ కంటికీ పొర కమ్మింది. నాన్నగారు పోయారు, ఇంటికి పెద్దను నేనే. వేసవిలో కాలవలు కట్టెయ్యకముందు ఆఖరి పడవలో ఆమెను బందరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాను. కళ్ల డాక్టరుగారు శస్త్రం చేశారు. పని బాగా కుదిరిందన్నారు. కానీ పుండు మానేదాకా రెండు కళ్లకూ కట్టు ఉంచి, తల కదపకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏ కుదుపు తగిలినా లోపలి పుండు విచ్చుకుంటుంది, ఉన్న ఒక్క కన్నూ పోతుంది.

"తుమ్ము రాకూడదమ్మగారూ. దగ్గు రాకూడదు. కోపం కూడా రాకూడదు," అన్నారాయన.

"మొదటి రెండూ నా చేతిలో లేవు బాబూ. మూడోది మా ఇంటావంటా లేదు," అంది నాయనమ్మ.

నేనూ, డాక్టరుగారూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

కట్టు విప్పడానికి ఇంకా చాలా రోజులుండగా బందరులో కలరా తగిలింది. పక్క వార్డులో ఇద్దరు పోయారు. డాక్టరుగారు నన్ను పిలిచి, ఇక్కడుంటే ప్రాణానికే ముప్పు, ఇంటికి తీసుకెళ్లండి, కానీ కుదుపు మాత్రం తగలకూడదన్నారు. కాలవల్లో నీళ్లు లేవు, పడవ లేదు. మోటారు బస్సు చల్లపల్లి దాకా ఉంది గానీ, ఆ రోడ్డు మీద బస్సెక్కితే మంచి కళ్లే ఊడి చేతిలోకొస్తాయి. ఎద్దుబండి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక మిగిలింది పల్లకీ. ఊరికి మనిషిని పంపి పల్లకీని, బోయీలను రప్పించాను.

బోయీలు కూడా ముసలివాళ్లయ్యారు. మా తాతగారు ఇచ్చిన మాన్యం దున్నుకుంటూ, పెళ్లిళ్లకు తప్ప దండె ఎత్తినవాళ్లు కాదు. కానీ భుజం మీద దండె పడగానే వాళ్ల నడక మారిపోయింది. ముందున్న పెద్ద బోయీ దారి చెబుతుంటే, వెనకవాళ్లు హుమ్ హుమ్ అంటూ అందుకునేవారు. రాయి, గుంట, ఎడమన ముల్లు. పెట్టెలో పడుకున్న మనిషి కడుపులో చల్ల కదలనివ్వని నడక అది. పక్కన నడుస్తూ ఆ అడుగును నేను గొప్పగా చూశాను. ఇన్నేళ్లూ ఆ నడకను ఇంటి వైభవమనుకున్నాను గానీ, అదొక విద్య అని తోచలేదు.

మొదటిరోజు బాగానే జరిగింది. రెండోరోజు తెల్లవారగానే పులిగడ్డ దగ్గర ఏటి పాయ దాటి, ఎండెక్కకముందే దివిసీమలో పడాలనుకున్నాం. రేవు దగ్గర ఊరివాళ్లు ఆపేశారు. బందరు నుంచి వస్తున్నాం కాబట్టి పల్లకీలో ఉన్నది కలరా రోగి అని వాళ్ల అనుమానం. వాళ్ల పెద్ద వచ్చి చూసి, ఇది కంటి కట్టేనని నమ్మి దారి వదిలేసరికి ఎండ నెత్తికెక్కింది.

పాయలో మోకాలిలోతు నీళ్లు, అడుగున బురద. సగం దూరం వెళ్లాక ఒక చప్పుడు వినిపించింది. పెనం మీద నువ్వులు వేస్తే వచ్చే చప్పుడు. పెద్ద బోయీ చటుక్కున నిలబడ్డాడు.

"ఆగండెహె! బాబుగారండీ, దండె మాట్టాడతందండి."

నేను నీళ్లలో అడుగులేసుకుంటూ ముందుకొచ్చి చూశాను. సింహం మొహం సీలల దగ్గర నల్లటి లక్క మీద, గోటితో గీరినట్టు సన్నటి తెల్ల గీతలు లేచాయి. నేను చూస్తుండగానే ఇంకొకటి లేచింది.

"ఏంట్రా ఆపారు?" అంది నాయనమ్మ తెర లోపల్నుంచి.

"ఏమీ లేదు నాయనమ్మా."

"ఏమీ లేనిదానికి ఏట్లో ఆపుతారా?"

దించడానికి వీల్లేదు. దించితే పెట్టె కింది కోళ్లు బురదలో దిగబడి అది ఒరుగుతుంది, నీళ్లు లోపలికొస్తాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పి, పై కండువా నడుముకు బిగించి, దండె కింద, చీలిన చోట నా భుజం పెడతానన్నాను.

"మన ఇంటి మగవాడు దండె కింద భుజం పెట్టడమేంట్రా!" అంది ఆమె.

దానికి నేను జవాబు చెప్పేలోగా పెద్ద బోయీ, "అమ్మగారి మాటే నిజమండి. బాబుగారు భుజం పెడితే జట్టు అడుగు తప్పుద్దండి. ఈ దండె ఇరగకపోయినా బాబుగారి అడుగుకి అమ్మగారి కన్ను పోద్దండి," అన్నాడు.

వెనకవాళ్లలో ఎవరో నవ్వాపుకున్నారు. ఆ ఎండలో, ఆ భయంలో కూడా నాకు మొహం మాడిపోయింది. అయినా వాడు చెప్పింది నిజం. చేతకాని భుజం కంటే లేని భుజం మేలు.

లోపల్నుంచి నాయనమ్మ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. తల కదలకుండా, దవడ కూడా కదలకుండా మాట్లాడుతోందని తెలుస్తోంది.

"లక్క మీద వేలు పెట్టి నొక్కు. ముద్ర పడుతుందా?"

నొక్కాను. పడింది.

"అయితే అది ఎండకు మెత్తబడింది. మీ తాతగారు వేసవిలో దండె మీద తడిగుడ్డ లేందే గుమ్మం దాటేవారు కాదు. పొద్దున నాకు గుర్తు రాలేదు. నీళ్లలోనే ఉన్నారు కదరా, తడపండి. బాగా తడపండి."

నా కండువా తడిపి చీలిన చోట చుట్టాను. చెంబుతో నీళ్లు తీసి దండె పొడుగునా పోశాను. మోయకుండా ఉన్న బోయీలు దోసిళ్లతో పోశారు. ఎంతసేపు పోశామో తెలియదు. చిటపటలు పలచబడ్డాయి. మళ్లీ వేలు పెడితే ముద్ర పడలేదు.

"పదండి," అంది నాయనమ్మ.

అప్పుడు వాళ్లు నడిచిన నడక నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. మామూలుగా బోయీల అడుగులో చిన్న ఊపు ఉంటుంది. ఆ ఊపు తీసేశారు. పాదం పూర్తిగా ఆనాక గానీ రెండో పాదం లేవలేదు. హుమ్ హుమ్ అనే పలుకు కూడా మానేశారు. నేను పక్కన నీళ్లు పోస్తూ నడిచాను. దండె మధ్యమధ్య టిక్కుమంటూనే ఉంది. టిక్కుమన్నప్పుడల్లా ఒక పోగు తెగిందని నాకు తెలుసు. మిగిలిన పోగులు ఆ పోగు బరువు కూడా పంచుకుంటున్నాయనీ తెలుసు. పెట్టె లోపల మనిషి ఉన్నట్టే లేదు. ఆమె దగ్గలేదు, తుమ్మలేదు, దేవుడి పేరైనా పైకి అనలేదు. ఆమెకు అరవై దాటిన వయసు. ఆ నిశ్చలత నాకు ఈ వయసులో కూడా పట్టుబడలేదు.

నీళ్లు దాటాం. ఇసుక మీదికొచ్చాం. అవతలి గట్టు ఎక్కే చోట ముందువాళ్లు ఎత్తులోకి, వెనకవాళ్లు పల్లంలోకి వచ్చారు. అక్కడ దండె పోయింది.

పోయింది అంటున్నాను గానీ, విరిగింది అనడానికి నోరు రాదు. జనపగుడ్డను ఎవరో నిదానంగా చింపుతున్నట్టు ఒక పొడుగాటి చప్పుడు. దండె సీలల దగ్గర మెల్లగా కిందికి వంగింది. వంగుతూ వంగుతూ పెట్టె కోళ్లు ఇసుకను తాకేదాకా వచ్చి, అక్కడ ఆగింది. రెండు కొసలూ ఇంకా బోయీల భుజాల మీదే ఉన్నాయి. మధ్యలో నార పోగులు కట్టగట్టుకుని ఇంకా పెట్టెను పట్టుకునే ఉన్నాయి. పెట్టె ఒక్క పక్కకు కూడా ఒరగలేదు.

"దించారా?" అంది నాయనమ్మ.

పెద్ద బోయీ, "మేం దించలేదండమ్మా. దండే దించిందండి," అన్నాడు.

ఆమె, "చెప్పి దించిందా?" అంది.

"ఏట్లోంచీ చెప్తానే ఉందండి."



అక్కణ్ణుంచి ఊరికి చేరడం వేరే సమస్య. గట్టు మీది చేపలవాళ్ల పల్లెలో ఒక నులక మంచం ఇచ్చారు. దాన్ని భుజాల మీద ఎత్తుకుని అదే జట్టు బయల్దేరింది. మంచం మీద తెల్లబట్ట కప్పుకుని కదలకుండా పడుకున్న ముసలామె, మొహానికి కట్టు, వెనక ఇంటి వారసుడు. ఎదురైన మొదటి మనిషే చెప్పులు విప్పి పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టాడు. బోయీల్లో ఒకడు తలొంచుకున్నాడు. సంగతి ఆమెకు చెప్పక తప్పలేదు.

"శవమనుకుంటున్నారా?" అంది. "సరే. ఊరిదాకా మాట్లాడుతూనే వస్తాను. ఎవరు ఎదురైనా నాకు చెప్పు."

డాక్టరుగారూ, బోయీలూ తప్ప పరాయి మగవాళ్లు తన గొంతు విని ఎరగని మనిషి ఆమె. గుమస్తాతో కూడా తలుపు చాటునుంచి, మధ్యలో ఒకరిని పెట్టి మాట్లాడేది. ఆ రోజు దివిసీమ దారంతా, పెదాలు మాత్రమే కదుపుతూ, దారినపోయే అందరినీ పలకరించింది. "ఎవరు బాబూ నువ్వు? ఏ ఊరు? ఎండలెలా ఉన్నాయి? నేను బతికే ఉన్నాను, దణ్ణాలు దాచుకో, తర్వాత పనికొస్తాయి." జనం నోళ్లు తెరిచి చూశారు. కొందరు నవ్వారు. అది వలందపాలెం నవ్వు కాదు. అందులో ఎగతాళి లేదు. మా ఊరి పొలిమేర చేరేసరికి వెనకాల పాతికమంది నడుస్తున్నారు.

కట్టు విప్పవలసిన రోజుకు డాక్టరుగారు కలరా వల్ల రాలేక, ఎలా విప్పాలో మనిషితో చెప్పి పంపారు. గది కిటికీలకు దుప్పట్లు కట్టి నేనే విప్పాను. ఆమె ఎడమకన్ను తెరిచింది. నీళ్లు కారాయి. చాలాసేపు నా మొహం చూసి, "నువ్వు నీ తండ్రి కంటే నల్లగా ఉన్నావు," అంది. తర్వాత మద్రాసు నుంచి సీసా అడుగంత మందం కళ్లద్దాలు వచ్చాయి. వాటితో ఆమె బియ్యంలో రాళ్లు ఏరేది, నా చొక్కా మీద మరకలు కూడా ఏరేది.

అద్దాలు వచ్చిన రోజే దండె తెమ్మంది. వరండాలో ఎండపొడ పడేచోట పెట్టించి, ఒక్క కంటితో, దగ్గరగా వంగి చూసింది. ఆ విరిగిన చోటును నేనూ చాలాసార్లు చూశాను. విరిగిన వెదురుకు పదునైన పలుకులుంటాయి, చెయ్యి కోసుకుపోతుంది. ఇది అలా లేదు. కుంచె వెంట్రుకల్లా పోగులు బయటికొచ్చాయి. కొన్ని మధ్యకు తెగాయి, కొన్ని తెగకుండా లక్కలోంచి ఊడివచ్చాయి. అవి ఉన్నచోట సన్నటి గొట్టాల్లా బెజ్జాలు మిగిలాయి. చీలిక సీల బెజ్జంలో మొదలై, అడ్డంగా పోదామని చూసి, ఏటవాలు పొర తగిలి పక్కకు మళ్లి, పొరల మధ్య జానెడు దూరం తిరిగి, మళ్లీ అడ్డంగా ప్రయత్నించి, మళ్లీ పక్కకు పోయింది. ఒక్క గీతలో పోవలసిన దాన్ని ఆ నార అంత దూరం తిప్పింది. బెజ్జాలే లేకపోతే అది ఇంకో తరం మోసేది.

నాయనమ్మ ఒక సీల మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంది.

"గుడివాడలో ఆవిడ పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు," అంది.

నేను కొత్త దండె చేయిద్దామన్నాను. నాకు ఆ ఆశ నిజంగానే ఉంది. లక్క దొరుకుతుంది, జనుము మన చేలోదే.

"పాళ్లు తెలుసా నీకు?"

"తెలియదు."

"నాకూ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నువ్వేమో చొక్కా విప్పి వడ్లకొట్టులో కూర్చునేవాడివి కాదు. మరి ఏ ఒట్టి వెదురో తెచ్చి దాని మీద నన్ను ఎక్కిస్తావా?"

"లేదు."

"అయితే పల్లకీ ఎందుకు?"

మా ఇంట్లో మర్యాదలన్నీ ఒకటొకటిగా పోయాయి, అన్నీ కోర్టులో పోయాయి. ఈ ఒక్కటి మాత్రం మేము మా చేతులతో వదిలింది. దండె ముక్కలు రెండూ పడకగదిలో ఉంచమంది. ఆమె పోయేదాకా అక్కడే ఉన్నాయి. బోయీల మాన్యం జోలికి పోవద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఆ మాట నేను నిలబెట్టాను.

ఆ కార్తీకమాసంలో పల్లకీ పెట్టెను విప్పించి, టేకు చెక్కను కృత్తివెన్నులో పడవలు కట్టేవాళ్లకు అమ్మేశాం.